బ్యాకప్ లేదా అని అడిగే ముందు

పుస్తకాల పేజీలు కూర్చడం నా వృత్తి. విజయవాడలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో మొదలుపెట్టి, ఇప్పుడు ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ దాకా వచ్చాను. ఇన్నేళ్లలో ఫ్లాపీలు బూజు పట్టడం చూశాను, సీడీలు గీతలు పడి చదవడం మానేయడం చూశాను, హార్డ్ డిస్కులు టకటకమని చప్పుడు చేసి ఆగిపోవడం చూశాను. మూడేళ్ల కిందట ఒక ఉదయం జరిగినది మాత్రం వీటిలో దేనినీ పోలినది కాదు. కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ రాలేదు. విండోస్ కంటే ముందు వచ్చే అమరికల తెర, బయోస్‌లోకి వెళ్లి చూస్తే ఎస్‌ఎస్‌డి (హార్డ్ డిస్కుకు బదులు వాడే, తిరిగే భాగాలు లేని చిప్పుల డ్రైవ్) కనిపిస్తూనే ఉంది, కానీ దాని పేరు ఉండవలసిన చోట దాన్ని లోపల నడిపించే ఏదో కంట్రోలర్ చిప్ పేరు ఉంది; ఒక టెరాబైట్ ఉండవలసిన పరిమాణం కొన్ని మెగాబైట్లుగా చూపిస్తోంది. ముందు రోజు సాయంత్రం వరకు అది ఏ లోపమూ లేకుండా పనిచేసింది. చప్పుడు లేదు, వేడెక్కడం లేదు, నెమ్మదించడం లేదు.

అప్పుడు నా చేతిలో ఉన్నది ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు తమ ప్రాంతపు గ్రామనామాల మీద రాసిన నాలుగు వందల పేజీల పుస్తకం. చివరి ప్రూఫు దిద్దుబాట్లు జరుగుతున్నాయి. మొదటి 212 పేజీలు ఆయన ఇంటి దగ్గరే ఎర్ర సిరాతో దిద్ది తెచ్చి, నేను ఎక్కించిన తరువాత ఆ కాగితాలు తిరిగి తీసుకువెళ్లారు. మిగతావి, కాగితం మీద చూపు ఆనడం లేదని, నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తెర మీద అక్షరాలు పెద్దవి చేయించుకుని, ఆయన నోటితో చెబుతుంటే నేను అప్పటికప్పుడు దిద్దాను. బయటి హార్డ్ డిస్కులో నేను తీసి ఉంచిన నకలు పందొమ్మిది రోజుల పాతది. ఆ పందొమ్మిది రోజుల పనీ పోయింది. ఫోన్ చేసి విషయం చెబితే మాస్టారు కోప్పడలేదు. "నా దగ్గర కాగితాలు ఉన్నాయిలే బాబూ, ఆ 212 మళ్లీ ఎక్కించుకోవచ్చు. మిగతావాటికి మళ్లీ కూర్చుందాం" అన్నారు.

డ్రైవ్‌ను హైదరాబాదులో డేటా రికవరీ చేసేవారికి పంపాను. వారం తరువాత వచ్చిన సమాధానం సంక్షిప్తంగా ఉంది: చిప్పులు బాగానే ఉన్నాయి, లోపలి సమాచారం కూడా బహుశా అలాగే ఉంది, కానీ దానిని బయటికి తీసే మార్గం లేదు. ఆ మాటకు అర్థం వెతుక్కుంటూ తయారీదారు వెబ్‌సైటుకు వెళితే, నా మోడల్ పేజీలో, నా డ్రైవ్ ఆగిపోవడానికి ఏడు నెలల ముందే పెట్టిన ఒక ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపించే ప్రోగ్రాము) అప్‌డేట్ కనిపించింది. దాని పక్కన ఉన్న వివరణ ఒకటే వాక్యం: స్థిరత్వం మెరుగుపరచడమైనది. అదే మోడల్ కొన్న ఇతరులు, అదే పాత ఫర్మ్‌వేర్ ఉన్నవారు, సరిగ్గా నేను చూసిన లక్షణాలనే వర్ణించడం ఆ తరువాత చదివాను.

ఈ సంగతి విన్న ప్రతి ఒక్కరూ నన్ను మొదట అడిగింది "బ్యాకప్ లేదా?" అనే. ప్రశ్న న్యాయమైనదే. రోజూ నకలు తీసుకోకపోవడం నా తప్పు, ఒప్పుకున్నాను, సరిదిద్దుకున్నాను. కానీ ఆ ప్రశ్న అడగగానే సంభాషణ ముగిసిపోవడమే నాకు బాధ కలిగించింది. లోపం ఉన్నదని తయారీదారుకు తెలిసిన రోజుకూ, అది నా బల్ల మీద బయటపడిన రోజుకూ మధ్య కనీసం ఏడు నెలలు గడిచాయి. ఆ ఏడు నెలల్లో ఏ ఒక్క రోజున ఎవరైనా నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను ఆ పూటే నకలు తీసుకుని, ఫర్మ్‌వేర్ మార్చుకుని ఉండేవాణ్ణి. నా వాదన అంతా ఈ మౌనం గురించే. ప్రోగ్రాములో తప్పు దొర్లడాన్ని నేను నేరంగా చూడను. అచ్చుతప్పులు లేని పుస్తకం నేను ఇంతవరకు కూర్చలేదు. కానీ తప్పు కనిపించిన తరువాత తప్పొప్పుల పట్టిక వేసి పాఠకుడికి అందించే బాధ్యత ప్రచురణకర్తదే గాని, పాఠకుడు వచ్చి అడిగి తెలుసుకోవలసినది కాదు.

చిప్పులు బాగున్నా సమాచారం రాదు అంటే ఏమిటో మొదట చెప్పాలి, ఎందుకంటే ఫర్మ్‌వేర్ అన్నది ఎస్‌ఎస్‌డికి తగిలించిన ఒక అదనపు సౌకర్యం కాదని తెలిస్తే తప్ప ఈ మౌనం ఎంత పెద్ద విషయమో అర్థం కాదు. అచ్చు పని తెలిసినవారికి ఒక పోలికతో సులువుగా చెప్పవచ్చు. పదహారు పేజీల ఫారం షీటును విప్పి చూస్తే పేజీలు వరుసగా ఉండవు; ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ ఉంటుంది, కొన్ని పేజీలు తలకిందులుగా ఉంటాయి. ఏ మడత ఎక్కడ పడాలో తెలిసినవాడు మడిస్తేనే అది పుస్తకమవుతుంది. ఎస్‌ఎస్‌డి లోపల ఫ్లాష్ చిప్పుల మీద మన ఫైళ్లు ఉండే తీరు ఇటువంటిదే, కాకపోతే ఇక్కడ మడత పద్ధతి క్షణక్షణం మారుతుంది. ఫ్లాష్‌లో ఒకసారి రాసిన చోట మళ్లీ రాయాలంటే ముందు చెరపాలి. రాయడం కొన్ని కిలోబైట్ల పేజీలుగా సాగుతుంది కాని, చెరపడం మెగాబైట్ల బ్లాకులుగానే సాధ్యం. ఒక్కో బ్లాకును చెరపగలిగిన సార్లకు పరిమితి ఉంది. అందువల్ల మనం ఒక పేరాలో ఒక్క అక్షరం దిద్ది సేవ్ చేసినా కంట్రోలర్ పాతచోటును ముట్టుకోకుండా కొత్తచోట రాసి, ఫలానా విలాసం ఇకపై ఫలానా చోట ఉందని తన పట్టికలో మార్చుకుంటుంది. అరుగుదల అన్ని బ్లాకులకూ సమానంగా పడేలా, ఖాళీ సమయంలో చెల్లని పేజీలను ఏరివేసి చోటు చేసుకునేలా, సమాచారాన్ని అటూ ఇటూ తరలిస్తూనే ఉంటుంది.

ఆ పట్టికే డ్రైవ్‌కు ప్రాణం. నాలుగు కిలోబైట్లకు నాలుగు బైట్ల చొప్పున లెక్కవేసినా ఒక టెరాబైట్ డ్రైవ్‌కు అది సుమారు ఒక గిగాబైట్ ఉంటుంది. దాన్ని నిర్వహించేది ఫర్మ్‌వేర్. పట్టిక చెడినా, దాన్ని చదవవలసిన ప్రోగ్రాము మొదలు కాకుండా ఆగిపోయినా, చిప్పుల్లో ఉన్నది మడత తెలియని షీట్ల కుప్ప. ఇక్కడికి పోలిక సరిపోదు కూడా, ఎందుకంటే విప్పిన షీటు మీద అక్షరాలు చదవగలం. ఎస్‌ఎస్‌డిలో అయితే సమాచారాన్ని గిలకొట్టి, దోష సవరణ సంకేతాలు చేర్చి, చాలా డ్రైవ్‌లలో కంట్రోలర్ దగ్గర మాత్రమే ఉండే తాళంతో గుప్తీకరించి మరీ రాస్తారు. అందుకే హార్డ్ డిస్కు కాలంలో పళ్లెం మార్చి, తల మార్చి ఏదో ఒకటి బయటికి తీయగలిగినవారు ఇప్పుడు చిప్పు చేత్తో పట్టుకుని కూడా ఏమీ చేయలేకపోతున్నారు.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదని ఈ పరిశ్రమ చరిత్రే చెబుతుంది. 2011లో ఇంటెల్ 320 శ్రేణి డ్రైవ్‌లలో, కరెంటు అకస్మాత్తుగా పోయి తిరిగి వచ్చినప్పుడు కొన్ని డ్రైవ్‌లు తమ పరిమాణం 8 మెగాబైట్లని చూపించడం మొదలుపెట్టాయి. ఆ శ్రేణిలో కరెంటు పోయిన క్షణంలో పని ముగించడానికి కెపాసిటర్లు కూడా అమర్చారు. అయినా జరిగింది, ఎందుకంటే లోపం విద్యుత్తుది కాదు, ఆ క్షణాన్ని నడిపించవలసిన ప్రోగ్రాముది. ఆగస్టులో దిద్దిన ఫర్మ్‌వేర్ వచ్చింది. అప్పటికే 8 మెగాబైట్లుగా మారిపోయిన డ్రైవ్‌ను పూర్తిగా చెరిపితే మళ్లీ వాడుకోవచ్చు గాని లోపలి సమాచారం మాత్రం రాదు. ఫర్మ్‌వేర్ దిద్దుబాటు స్వభావమే ఇది: అది టీకా, మందు కాదు. ముందు వేసుకున్నవారికే పనికి వస్తుంది. టీకా ఉందని ఊరికి చెప్పకుండా గిడ్డంగిలో పెట్టుకుంటే అది ఉన్నా లేనట్లే.

కరెంటు మాట వచ్చింది కనుక ఒక పరిశోధన గురించి చెప్పాలి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం, హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు 2013లో ఐదు కంపెనీలకు చెందిన 15 ఎస్‌ఎస్‌డిలను తీసుకుని, రాస్తూ ఉండగా మొత్తం మూడు వేలకు పైగా సార్లు కరెంటు తెంపి చూశారు. 15లో 13 డ్రైవ్‌లు ఏదో ఒక రకంగా విఫలమయ్యాయి. కొన్నింటిలో సమాచారం చెడింది, కొన్నింటిలో రాసేశామని చెప్పినది రాయకుండా ఉండిపోయింది, ఒకటి పూర్తిగా చచ్చింది. ఆ డ్రైవ్‌లు పాతతరానివి. అయినా వేసవి మధ్యాహ్నాల్లో కరెంటు మూడుసార్లు వచ్చి పోయే ఊళ్లలో, యూపీఎస్ బ్యాటరీ ఎండిపోయిన డీటీపీ కేంద్రాలు, మీసేవా కేంద్రాలు, జిరాక్స్ షాపులు ఎన్ని ఉన్నాయో ఎరిగిన నాకు ఆ లెక్క చదివినప్పుడు మనసు కుదుట పడలేదు.

గడియారంలా లెక్కపెట్టి ఆగిపోయే లోపాలు వేరే జాతి. క్రూషియల్ ఎం4 డ్రైవ్‌లు 5,184 గంటలు పనిచేశాక స్పందించడం మానేసేవి. ఆపి మళ్లీ వెలిగిస్తే గంటసేపు నడిచి తిరిగి ఆగేవి. 2012 జనవరిలో ఫర్మ్‌వేర్ ఇచ్చి సరిచేశారు, అందులో సమాచారం పోలేదు. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ ప్రకటించినది ఇంతకంటే ఘోరమైనది. ఆ కంపెనీ సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డిలు 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు నడిచిన తరువాత శాశ్వతంగా ఆగిపోతాయి. డ్రైవూ తిరిగి రాదు, సమాచారమూ తిరిగి రాదు. 16 బిట్ల గడిలో ధన, ఋణ సంఖ్యలు రెండూ పట్టేలా లెక్కిస్తే చేరగలిగిన గరిష్ఠ సంఖ్య 32,767 అని తెలిసినవారు, 32,768 ఆ గడిలో పట్టని మొదటి సంఖ్య అని చూడగానే గుర్తుపడతారు. సర్వర్లలో డ్రైవ్‌లను జట్లుగా వేసి, ఒకటి పోతే మరొకటి ఆదుకునేలా రెయిడ్ అనే ఏర్పాటు చేస్తారు. కానీ జట్టులోని డ్రైవ్‌లన్నీ ఒకే రోజు పెట్టె విప్పి, ఒకే రోజు వెలిగించినవి అయితే అన్నీ దాదాపు ఒకే గంటకు ఆగిపోతాయి. ఆదుకోవలసినవి కూడా అదే గడియ కోసం లెక్కపెట్టుకుంటూ ఉంటాయి. "బ్యాకప్ లేదా?" అన్న ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు: నకలు కూడా అదే మోడల్ డ్రైవ్‌లో, అదే ఫర్మ్‌వేర్‌తో ఉంటే ఆ నకలుకు అర్థం సగమే.

అయితే ఈ ఉదంతంలోనే నేను కోరుతున్నది కూడా ఉంది. 2020 మార్చిలో అదే సంస్థ మరికొన్ని డ్రైవ్‌ల గురించి రెండో ప్రకటన చేసింది. ఈసారి పరిమితి 40,000 గంటలు, అంటే 4 సంవత్సరాల 206 రోజుల 16 గంటలు. ఏ మోడళ్లు, ఏ ఫర్మ్‌వేర్ కంటే పాతవి, ఎన్ని గంటలకు, దిద్దకపోతే ఏమవుతుంది, ఒకేసారి అమర్చినవి ఒకేసారి పోతాయి అన్న సంగతి, అన్నీ స్పష్టంగా రాశారు. డ్రైవ్‌లను అమ్మకానికి పంపిన తేదీలను బట్టి మొదటి వైఫల్యాలు 2020 అక్టోబరుకు ముందు రావని కూడా చెప్పారు. అంటే లోపం ఎవరి దగ్గరా పేలకముందే, ఆరేడు నెలల వ్యవధి ఇచ్చి, చేయవలసిన పని చెప్పారు. తప్పు చేసిన పరిశ్రమ ఎంత సూటిగా మాట్లాడగలదో చెప్పడానికి ఆ ప్రకటన చాలు. లక్షలు పోసి సర్వర్లు కొన్నవారితో ఇలా మాట్లాడగలిగిన పరిశ్రమ, నాలుగు వేలు పెట్టి ఒక డ్రైవ్ కొన్న డీటీపీ ఆపరేటరుతో "స్థిరత్వం మెరుగుపరచడమైనది" అని ఎందుకు మాట్లాడుతుంది?

దీనికి వచ్చే ఎదురు వాదన ఒకటి ఉంది, దాన్ని నేను తేలికగా తీసుకోను. అప్‌డేట్ ఉన్నదని అందరికీ చాటితే అందరూ పరుగెత్తి చేసుకుంటారు. ఫర్మ్‌వేర్ మార్చడమే ప్రమాదకరమైన పని. లోపం వెయ్యిమందిలో ఒకరికి వచ్చేదైతే, దాన్ని దిద్దబోయి అంతకంటే ఎక్కువమంది డ్రైవ్‌లు పాడు చేసినవారమవుతాం అంటారు. ఇందులో నిజముంది. 2009లో ఇంటెల్ తన ఎక్స్25-ఎం డ్రైవ్‌లకు ట్రిమ్ (మనం తీసేసిన ఫైళ్ల చోటు ఏదో డ్రైవ్‌కు తెలిపే) సౌకర్యం చేరుస్తూ విడుదల చేసిన ఫర్మ్‌వేర్ కొందరి విండోస్ 7 కంప్యూటర్లలో డ్రైవ్‌లను పనికిరాకుండా చేయడంతో దాన్ని వెంటనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2015 ఫిబ్రవరిలో శామ్‌సంగ్ 850 ప్రో డ్రైవ్‌లకు ఇచ్చిన అప్‌డేట్ విషయంలోనూ అదే జరిగింది. నడుస్తున్న బండి చక్రం మార్చకూడదన్న పెద్దల జాగ్రత్త ఊరికే పుట్టలేదు.

కానీ ఈ వాదన నిజానికి నా వైపే మొగ్గుతుంది. అప్‌డేట్ చేయడంలో ప్రమాదం ఉన్నది, చేయకపోవడంలోనూ ప్రమాదం ఉన్నది అన్నప్పుడు, ఏది ఎక్కువో తూచుకోవలసినవాడు యజమాని. తూచుకోవడానికి అతని చేతిలో ఏమైనా ఉండాలి కదా. "స్థిరత్వం మెరుగుపరచడమైనది" అన్న వాక్యం వెనుక ఉన్నది, ఎప్పుడో ఒకసారి నిద్రావస్థ నుంచి లేవడం ఆలస్యమయ్యే చిన్న చిక్కా, లేక డ్రైవ్ మొత్తాన్ని మింగేసే లోపమా అన్నది తెలియనప్పుడు నేను దేన్ని దేనితో తూచాలి? మొదటిదైతే నేను కదపను. రెండోదైతే ఆ రాత్రి నిద్రపోను. రెండింటికీ ఒకే వాక్యం రాసినవారు నన్ను కళ్లకు గంతలు కట్టి తక్కెడ ముందు నిలబెట్టినట్లే. మారుస్తుండగా కరెంటు పోతుందన్న భయానికి కూడా పరికరంలోనే కొంత విరుగుడు ఉంది. ఎస్‌ఎస్‌డి కంప్యూటర్‌తో మాట్లాడే తీరును నిర్ణయించే ఎన్‌వీఎంఈ ప్రమాణం ఒక డ్రైవ్‌లో ఏడు వరకు ఫర్మ్‌వేర్ అరలను అనుమతిస్తుంది. పాతది ఒక అరలో ఉండగా కొత్తది మరో అరలో చేర్చి, బాగా లేకపోతే వెనక్కి వెళ్లవచ్చు. అయితే తయారీదారు ఒకే ఒక్క అర ఇచ్చినా ఆ ప్రమాణం అభ్యంతరపెట్టదు. పెట్టె మీద వేగం అంకెలు పెద్ద అక్షరాలతో వేసేవారు ఈ అరల సంఖ్య కూడా వేయాలని నేను కోరుకుంటాను.

శామ్‌సంగ్ 840 ఈవో కథ వేరు, కానీ ఎస్‌ఎస్‌డి గురించి మనలో చాలామందికి ఉన్న ఒక పొరపాటు అభిప్రాయాన్ని అది సరిచేస్తుంది. 2014లో ఆ డ్రైవ్‌ల యజమానులు, నెలల కిందట రాసిన ఫైళ్లు చదవడం బాగా నెమ్మదించిందని గమనించారు. ఫ్లాష్ గదుల్లో నిలిపిన విద్యుదావేశం కాలక్రమంలో జారుతుంది. ఆ జారుడును ఫర్మ్‌వేర్ సరిగా అంచనా వేయలేక మళ్లీ మళ్లీ చదవవలసి వచ్చేది. ఆ అక్టోబరులో ఒక దిద్దుబాటు వచ్చింది, కొన్ని నెలలకు నెమ్మది తిరిగి వచ్చింది, 2015 ఏప్రిల్‌లో రెండో దిద్దుబాటు వచ్చింది. ఆ రెండోది చేసిన పని, పాత సమాచారాన్ని అప్పుడప్పుడు తీసి కొత్తగా తిరగరాయడం. దాని అర్థం ఏమిటంటే ఎస్‌ఎస్‌డిలో సమాచారం రాతి మీద చెక్కినట్లు ఉండదు. కరెంటు ఉన్నప్పుడు ఫర్మ్‌వేర్ కాపలా కాస్తూ ఉంటేనే చిరకాలం నిలుస్తుంది. మెమరీ చిప్పులకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డి, రాతల పరిమితి పూర్తయిన తరువాత కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరం సమాచారాన్ని నిలపాలి. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది, నిజమే. కాని వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. మా ఊరి మే నెలలో మూసి ఉంచిన గది బీరువాలో 30 డిగ్రీలు అన్నది ఊహకు కూడా అందదు. పెళ్లి ఫోటోలు ఎస్‌ఎస్‌డిలో వేసి బీరువాలో దాచే స్టూడియో మిత్రులకు ఈ మాట నేను కనిపించినప్పుడల్లా చెబుతున్నాను.

ఇటీవలి సంవత్సరాలకు వస్తే, 2023 మొదట్లో శామ్‌సంగ్ 980 ప్రో డ్రైవ్‌లు, ముఖ్యంగా 2 టెరాబైట్లవి, పాత ఫర్మ్‌వేర్ వల్ల చదవడానికి మాత్రమే పనికివచ్చే స్థితిలోకి జారిపోతున్నాయని బయటపడింది. దిద్దిన ఫర్మ్‌వేర్ ఉంది, కానీ అప్పటికే ఆ స్థితికి చేరిన డ్రైవ్‌ను అది వెనక్కి తీసుకురాలేదు. అదే సంవత్సరం శాన్‌డిస్క్ ఎక్స్‌ట్రీమ్ ప్రో పోర్టబుల్ డ్రైవ్‌లు హఠాత్తుగా ఖాళీగా కనిపిస్తున్నాయని వీడియోలు తీసేవారు, ఫోటోగ్రాఫర్లు గగ్గోలు పెట్టిన తరువాత మే నెలలో వెస్ట్రన్ డిజిటల్ ఫర్మ్‌వేర్ ఇచ్చింది. ఆగస్టు నాటికి అమెరికాలో దావాలు పడ్డాయి. ప్రయాణంలో నకలు తీసుకోవడానికే మనుషులు కొనుక్కునే డ్రైవ్‌లు అవి.

మౌనం వల్ల మరో నష్టం కూడా ఉంది. 2025 ఆగస్టులో విండోస్ 11కు వచ్చిన ఒక అప్‌డేట్ తరువాత, పెద్ద ఫైళ్లు రాస్తుండగా ఎస్‌ఎస్‌డిలు మాయమవుతున్నాయని జపాన్‌లో మొదలైన ఫిర్యాదు రోజుల్లో ప్రపంచమంతా పాకింది. మన తెలుగు యూట్యూబ్ చానళ్లలో కూడా అప్‌డేట్ వేసుకోవద్దని హెచ్చరికలు వచ్చాయి. కంట్రోలర్లు తయారుచేసే ఫైసన్ సంస్థ 4,500 గంటలకు పైగా పరీక్షించినా ఆ లోపం పునరావృతం కాలేదని ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ కూడా తన అప్‌డేట్‌కూ ఈ వైఫల్యాలకూ సంబంధం కనిపించలేదని చెప్పింది. ఆధారాలు అటువైపే ఉన్నాయని నేను అనుకుంటున్నాను. అయినా జనం ఎందుకంత తొందరగా నమ్మారు? ఏళ్ల తరబడి అసలు లోపాలను ఒక్క వాక్యంలో చుట్టి దాచినవారు, లోపం లేనప్పుడు లేదని చెప్పినా ఎవరూ నమ్మరు. భయపడి భద్రతా అప్‌డేట్లు కూడా ఆపేసుకున్నవారు నాకు తెలిసినవారిలోనే ముగ్గురు ఉన్నారు.

కొన్నవారందరినీ వెతికి పట్టుకుని చెప్పడం ఎలా సాధ్యమన్నది ఇంకో అభ్యంతరం. నా డ్రైవ్ విషయంలో ఏం జరిగిందో చెబుతాను. గవర్నర్‌పేటలో కొన్నప్పుడు షాపువారు బిల్లు మీద డ్రైవ్ సీరియల్ నంబరు రాశారు, నా ఫోన్ నంబరు కూడా రాసుకున్నారు. ఆ నంబరుకు ఇప్పటికీ ప్రతి పండుగకూ తగ్గింపు ధరల సందేశాలు వస్తాయి. వారంటీ కోసం తయారీదారు వెబ్‌సైటులో ఆ సీరియల్ నంబరు కొట్టగానే, అది ఏ దేశానికి అమ్మినదో, వారంటీ ఇంకా ఎన్ని నెలలు ఉన్నదో క్షణంలో తేలిపోయింది. వారంటీ దాటిందని నన్ను తిప్పి పంపడానికి పనికివచ్చే సీరియల్ నంబరు, నన్ను హెచ్చరించడానికి ఎందుకు పనికిరాదు? కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటరుకు, డిస్ట్రిబ్యూటరు నుంచి షాపుకు, షాపు నుంచి నాకు డబ్బు ప్రయాణించిన దారి ఉంది. ఆ దారిలోనే వెనక్కి ఒక సందేశం ప్రయాణించగలదు. అంతకంటే సులువు, డ్రైవ్ మోడలూ ఫర్మ్‌వేర్ సంఖ్యా ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. లినక్స్‌లో తయారీదారులు ఫర్మ్‌వేర్‌ను నేరుగా అందించడానికి ఉమ్మడి సేవ ఒకటి ఇప్పటికే నడుస్తోంది, కొన్ని కంపెనీలు వాడుతున్నాయి కూడా.

వారంటీలో డ్రైవ్ మార్చి ఇచ్చారు. కొత్తది ఇచ్చేశాం కనుక ఫిర్యాదు ముగిసిందని ఉత్తరం వచ్చింది. వారి దృష్టిలో నేను పోగొట్టుకున్నది నాలుగు వేల రూపాయల వస్తువు. చెరపడానికి వీలులేని స్థితిలో ఉన్న పాత డ్రైవ్‌ను, లోపల రచయితల ఫైళ్లతో, చిరునామాలతో, బ్యాంకు కాగితాల నకళ్లతో సహా పెట్టెలో పెట్టి అప్పగించవలసి వచ్చింది. అది కూడా నన్ను ఈనాటికీ కలవరపెడుతున్న విషయమే.

చట్టం ఏమంటుందో చూశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది. కానీ హాని అన్న మాటకు అక్కడ ఇచ్చిన నిర్వచనంలో ఆ వస్తువుకే జరిగిన నష్టాన్నీ, వాణిజ్య, ఆర్థిక నష్టాన్నీ పక్కన పెట్టారు. పందొమ్మిది రోజుల పని ఆ నిర్వచనంలో ఎక్కడ ఇముడుతుందో నాకు కనిపించలేదు. అదే సంవత్సరం మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చారు. బ్రేకు లోపం ప్రాణానికి సంబంధించినది, డ్రైవ్ లోపం కాదు, నిజమే. వెనక్కి పిలవమని నేను అడగడం లేదు. లోపం సమాచారాన్ని పోగొట్టేదని తయారీదారుకు నిర్ధారణ అయిన రోజు నుంచి నిర్ణీత గడువులో, ఏ మోడల్, ఏ ఫర్మ్‌వేర్, ఏ పరిస్థితిలో, ఏమవుతుంది, ఈలోగా ఏం చేయాలి అన్నది మామూలు మాటల్లో ప్రకటించి, అమ్మిన దారిలోనే కొన్నవారికి చేర్చడం చట్టబద్ధమైన విధిగా ఉండాలని మాత్రమే అడుగుతున్నాను. 2020లో సర్వర్ల కొనుగోలుదారులకు దొరికిన ఆ ఒక్క పేజీ ప్రకటన అందరికీ దొరకాలి.

మరో మాట. క్రూషియల్ పేరుతో డ్రైవ్‌లు అమ్మిన మైక్రాన్ 2019లో హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం తెరిచింది. ఈ రంగంలో పనిచేసే తెలుగువారు అక్కడా, బెంగళూరులోనూ, అమెరికాలోనూ ఉన్నారు. ఇది చదివేవారిలో ఫర్మ్‌వేర్ రాసేవారు ఒకరిద్దరైనా ఉండవచ్చు. విడుదల వివరణ రాసే పని మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, దాన్ని ఒక్క వాక్యానికి కుదించమని పైనుంచి మాట వచ్చినప్పుడు, ఆ వాక్యాన్ని చదివి ఏ నిర్ణయమూ తీసుకోలేక కూర్చునే మనిషిని ఒక్కసారి తలచుకోవాలని నా విన్నపం.

ఇప్పుడు నేను చేస్తున్నది చెబుతాను. పని ఫైళ్లు రోజూ రాత్రి ఒక హార్డ్ డిస్కుకు, వారానికి ఒకసారి వేరే కంపెనీ డ్రైవ్‌కు వెళతాయి. రెండూ ఒకే రోజు కొన్నవి కావు. ప్రతి నెల మొదటి ఆదివారం మా కేంద్రంలోని మూడు ఎస్‌ఎస్‌డిల ఫర్మ్‌వేర్ సంఖ్యలు నోటు పుస్తకంలో రాసుకుని, తయారీదారుల పేజీలతో సరిచూస్తాను. కొత్తది వస్తే రెండు మూడు వారాలు ఆగి, వేసుకున్నవారు ఏమంటున్నారో చదివి, నకలు తీసుకుని, యూపీఎస్ నిండా ఛార్జి ఉన్నప్పుడు మాత్రమే మారుస్తాను. ఒక డీటీపీ ఆపరేటరు చేయవలసిన పని ఇది కాదు, అయినా చేస్తున్నాను.

మాస్టారూ నేనూ మళ్లీ కూర్చున్నాం. ఎర్ర సిరా కాగితాలను బట్టి 212 పేజీలు నాలుగు రోజుల్లో ఎక్కించాను. మిగతా పేజీల్లో ఆయన చాలావరకు గుర్తుచేసుకుని చెప్పారు, కొన్నిచోట్ల మొదటిసారి కంటే మెరుగ్గా కూడా చెప్పారు. 347వ పేజీలో ఒక ఊరి పేరు వ్యుత్పత్తి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. అక్కడ మొదటిసారి తాను ఒక వాక్యం పూర్తిగా మార్చి రాయించానని ఆయనకు గుర్తుంది, మార్చానని నాకూ గుర్తుంది. ఆ వాక్యం ఏమిటో ఇద్దరికీ గుర్తు రాలేదు. పావుగంట చూసి, "పాతదే ఉంచు బాబూ" అన్నారు. పుస్తకం పాత వాక్యంతోనే అచ్చయింది.